ముడుమాల్ రాళ్ల మధ్య బాట వేసేముందు

మక్తల్ దగ్గర, కృష్ణానది ఒడ్డున ముడుమాల్ పొలాల్లో మనిషికి రెట్టింపు ఎత్తున నిలిచిన రాళ్లను చూశారా? కొన్ని వరుసలు అయనాంతాలనాటి సూర్యోదయ, సూర్యాస్తమయాల దిక్కుకు సరిపోతాయనీ, ఒక బండమీది గుంటలు సప్తర్షి మండలమనీ ఆచార్య కె.పి. రావు పరిశోధనలో తేలింది. 2025లో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఇక కంచెలూ, బాటలూ, పూలమొక్కలూ వస్తాయి. సూర్యుడికి అడ్డంగా చెట్లు నాటితే ఇంకేముంది!

ఊరివాళ్లకు ఇవి నిలువురాళ్ల తిమ్మప్ప. వాటిలో ఒక రాయి ఎల్లమ్మ. దున్నే రైతుకు మాత్రం రాయి అడ్డమే కదా. అతని నష్టమెంతో అడగకుండా వేసిన కంచె ఎన్నాళ్లుంటుంది? అందుకే ఆ చోటును తీర్చిదిద్దే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు నక్షా గీయకముందే రైతులతో, ఎల్లమ్మకు మొక్కేవాళ్లతో కూర్చుని మాట్లాడాలంటాను. మీది ఆ చుట్టుపక్కల బడి అయితే, తాతలు చెప్పే రాళ్ల కథలు ఇప్పుడే నోటుపుస్తకంలో రాసిపెట్టండి. నక్షా గీసేవారు వచ్చినప్పుడు చూపించవచ్చు.