టిప్పు మీది కోపం ఎవరి మీద చూపాలి?

కన్నడ మీడియంలో చదివిన నాకు టిప్పు అంటే చాలా ఏండ్లు టిప్పు సుల్తానే. 1792లో శ్రీరంగపట్నం సంధితో మన బారామహల్ సీమను ఇంగ్లీషు వాళ్లకు వదులుకున్న సుల్తాను. ఇప్పుడు మన ఇండ్లలో ఆ మాట వినిపిస్తే అది అమెరికా టిప్పే. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన పెద్దవాళ్లు బొమ్మిడి స్టేషన్లో దిగినప్పటి నుంచి చెప్పే కథల్లో చలి ఒకటి, టిప్పు ఒకటి. "తిన్నదానికి డబ్బు కట్టినాం. మళ్లీ అందులో ఐదో వంతు వేరేగా ఇమ్మంటారు, ఇదేం న్యాయం?" అంటారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆ కోపం న్యాయమైనదే, కానీ దాన్ని తీర్చుకునే చోటే తప్పు.

ఎందుకు న్యాయమో మొదట చూద్దాం. మన ఊరి హోటల్లో గోడ మీద ధరల బోర్డు ఉంటుంది. దోస యాభై అని రాసి ఉంటే గల్లా దగ్గర యాభయ్యే ఇస్తాం. టెక్సాస్‌లో నలుగురు కూర్చుని మెనూ ప్రకారం 60 డాలర్లకు తిన్నారనుకోండి. పెద్ద ఊర్లలో అమ్మకం పన్ను 8.25 శాతం, అంటే 4.95. టిప్పు 18 శాతం లెక్కన 10.80. చేతి నుంచి పోయేది 75.75. మెనూలో చూసిన ధరకు పావు వంతు పైనే ఎక్కువ. ఆ మిగతా లెక్క మెనూలో ఎక్కడా కనిపించదు, వచ్చిన వాడికే తెలిసి ఉండాలి. దాన్ని డాలర్ల నుంచి రూపాయల్లోకి మార్చి చూసుకునే మన అమ్మలకు, అత్తలకు ఆ రాత్రి నిద్ర ఎట్లా పడుతుంది?

ఇంకో సంగతి ఉంది, అది మాటలకు సంబంధించింది. మన దగ్గర ఇట్లా ఇచ్చే డబ్బుకు వేరువేరు పేర్లు ఉన్నాయి. సంతోషపడి ఇచ్చేది ఇనాము. ఇవ్వకపోతే పని జరగదని ఇచ్చేది మామూలు. పనికి ఇచ్చేది కూలి. మన వాళ్లు అమెరికా టిప్పును ఇనాము అనుకుని పోతారు, అక్కడ ఒత్తిడి చూసి ఇది మామూలు అని తిట్టుకుంటారు. నిజానికి అది కూలి. హోటలు యజమాని ఇవ్వాల్సిన కూలిలో ఒక భాగాన్ని తిన్నవాడి చేత కట్టించడం.

ఇది చట్టంలోనే ఉంది. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం గంటకు కనీస కూలి 7.25 డాలర్లు, 2009 నుంచి అదే. టిప్పు వచ్చే పనివాళ్లకైతే యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు. ఆ 2.13 అనేది 1991 నాటి అంకె. అప్పటి కనీస కూలి 4.25లో సగం. 1996లో ఈ రెండింటి మధ్య ముడి తెంపేశారు. కనీస కూలి పెరిగినా ఆ 2.13 అట్లే నిలిచిపోయింది. మిగతా 5.12 టిప్పుల్లో రావాలి, రాకపోతే యజమాని పూడ్చాలి అని చట్టం. టెక్సాస్‌లో ఇదే లెక్క. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి ఏడు రాష్ట్రాల్లో మాత్రం టిప్పు వచ్చినా రాకపోయినా కనీస కూలి పూర్తిగా యజమానే ఇవ్వాలి. విచిత్రం ఏమంటే, అక్కడ కూడా టిప్పు అలవాటు పోలేదు.

దీని వేరు ఇంకా లోతుగా ఉంది. 1865లో వాళ్ల అంతర్యుద్ధం ముగిసి నల్లజాతి బానిసలకు విముక్తి వచ్చింది. వాళ్లను పనిలో పెట్టుకున్న హోటళ్లు, రైలు కంపెనీలు చాలావాటికి టిప్పు ఒక సాకయ్యింది. జీతం చాలా తక్కువ ఇచ్చి మిగతాది ప్రయాణికుల దగ్గర తెచ్చుకోమన్నారు. పుల్‌మన్ కంపెనీ స్లీపర్ బోగీల్లో పరుపులు వేసిన పోర్టర్లు అట్లా బతికినవాళ్లే. వాళ్లు 1925లో సంఘం పెట్టి, ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో పోరాడి, 1937లో గానీ కంపెనీతో ఒప్పందం రాబట్టుకోలేకపోయారు. "టిప్పు ఇవ్వడం మర్యాద" అని మనకు ఎవరైనా పాఠం చెబితే ఈ చరిత్ర కూడా గుర్తు చేయొచ్చు.

ఇంత అన్యాయం ఉన్నప్పుడు ఇవ్వకపోతే తప్పేమిటి అని మా చిన్నాయన అడిగినాడు. డాలస్ పక్కన ఒక హోటల్లో బిల్లు మీద టిప్పు గడిలో సున్నా రాసి, గీత కూడా కొట్టి వచ్చినానని గొప్పగా చెప్పినాడు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని కాబట్టి నా భాషలోనే జవాబు చెప్పినాను. చిన్నాయనా, బగ్ పట్టుకోవడం సగం పనే, దాన్ని సరైన మనిషి పేరు మీద వేయాలి. డిజైన్ తప్పైతే స్క్రీన్ రాసిన పిల్లవాడిని తిట్టి లాభం లేదు. వాడు తిట్లు తింటాడు, బగ్ అట్లే ఉంటుంది.

ఆ సున్నా యజమానికి తగలదు. ఆయన అన్నానికి డబ్బు ఆయనకు వచ్చేసింది. వెయిటరుకు తగులుతుంది, ఒక్కోసారి రెండింతలుగా. టిప్పుల్లో ప్లేట్లు తీసేవాళ్లకు, బారులో పనిచేసేవాళ్లకు కూడా వాటా పోతుంది. కొన్ని చోట్ల ఆ వాటాను వచ్చిన టిప్పు మీద కాదు, జరిగిన అమ్మకం మీద లెక్కకడతారు. అంటే మనం సున్నా పెట్టిన బల్లకు ఆ అమ్మాయి వేరే బల్లల నుంచి వచ్చిన డబ్బులో వాటా కట్టాలి. మన కోపం అట్లా పోయి తగిలేది ఆమెకు.

మార్చాలని చూసిన యజమానులు లేకపోలేదు. న్యూయార్క్‌లో డానీ మేయర్ 2015లో తన హోటళ్లలో టిప్పు తీసేసి ధరలు పెంచుతానని ప్రకటించాడు. 2020లో మళ్లీ టిప్పుకే తిరిగి వచ్చాడు. మెనూ మీద ధర పెద్దగా కనిపిస్తే గిరాకీ పక్కకు పోతుంది. బాగా నడిచే హోటళ్లలో వెయిటర్లకు టిప్పులే ఎక్కువ గిట్టుబాటు అవుతాయి. అందుకే ఇది అక్కడి ఓటర్లు, అక్కడి చట్టం తేల్చాల్సిన పని. ఆరు నెలల వీసా మీద పోయిన మనం ఒక బల్ల దగ్గర తేల్చేది కాదు.

అట్లాగని అడిగిన ప్రతిచోటా ఇవ్వాలని నేను అనను. కూర్చోబెట్టి వడ్డించే చోట టిప్పును మెనూ ధరలో భాగమనే లెక్కేసుకుని పోండి. 15 నుంచి 20 శాతం, పన్ను కలపక ముందు మొత్తం మీద. అది బరువనిపిస్తే కౌంటరు దగ్గర కొనుక్కుని తినే చోటికి పోండి. కాఫీ కప్పు చేతికిచ్చి 18, 20, 25 అని చూపే స్క్రీన్ దగ్గర "వద్దు" నొక్కడానికి సిగ్గుపడొద్దు. ఐదేళ్ల కిందటి కంటే ఎక్కువ చోట్ల టిప్పు అడుగుతున్నారని 2023లో ప్యూ సర్వేలో 72 శాతం అమెరికా వాళ్లే చెప్పినారు. మన కుటుంబంలా పదిమంది కలిసి పోతే బిల్లులోనే 18 శాతమో 20 శాతమో ముందే కలిపేసి ఉండొచ్చు. చదవకుండా సంతకం పెడితే రెండుసార్లు ఇచ్చినట్టు. ఇంకో మాట. మన తెలుగు వాళ్ల హోటలే కదా, టిప్పు ఎందుకు అనే మాట కొన్ని బల్లల దగ్గర విన్నాను. యజమాని మన వాడైతే వడ్డించే మనిషి కూలి మాఫీ అవుతుందా?

మన కోపానికి నిజంగా పని ఉన్న చోటు ఇక్కడే. మన హోటళ్లు బిల్లులో సర్వీస్ చార్జీ తామే కలిపేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అయినా బెంగళూరులో అప్పుడప్పుడు నాకు బిల్లులో ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది. తీసేయమని నెమ్మదిగా అడగండి. మేనేజరునే అడగండి, సప్లయరును కాదు. తీసేసిన తర్వాత ఆ సప్లయరు బాగా చూసుకుని ఉంటే సోంపు గిన్నెలో కాకుండా ఆయన చేతికే యాభయ్యో వందో ఇవ్వండి. దాన్ని మాత్రం ఇనాము అనొచ్చు.