తూటా బరువు కాదు, పొడవు చూడాలి



రైఫిళ్లపై మీరు ప్రచురించిన వ్యాసం శ్రద్ధగా రాసిందే. కానీ తూటా బరువు పెరిగితే బ్యారెల్ గాడుల మెలిక బిగించాలన్న సూత్రం సరికాదు. ప్రధానంగా చూడాల్సింది పొడవు. 1879లో బ్రిటిష్ గణితవేత్త గ్రీన్‌హిల్ సీసపు తూటాలకిచ్చిన సూత్రంలో ఉన్నవి అడ్డుకొలత, పొడవు మాత్రమే, బరువు లేదు.

ఎదురుగాలి తోపు తూటా గరిమనాభికి ముందు పడి, ముక్కును పక్కకు తిప్పాలని చూస్తుంది. గాడుల మెలిక వల్ల బొంగరంలా గిర్రున తిరగడమే తూటాను నిలబెడుతుంది. పొడవు పెరిగేకొద్దీ మరింత వేగంగా తిరగాలి. రాగి తూటా అదే అడ్డుకొలత, బరువు ఉన్న సీసపు తూటాకన్నా పొడవు. అందుకే దానికి బిగువైన మెలిక కావాలి.

అమెరికా సైనిక రైఫిల్ ఎం16 చరిత్ర చూడండి. మొదట దాని గాడుల మెలిక 14 అంగుళాలకు ఒక చుట్టు. చిక్కటి శీతల గాలిలో నిలకడ చాలక 1963లో 12కు మార్చారు. తర్వాతి రూపం ఎం16ఎ2లో 7కు బిగించారు. అది 62 గ్రెయిన్ల ఎం855 తూటా కోసమని వ్యాసకర్త అన్నారు. దానికి 9 చాలు. అసలు కారణం దాని జోడీ ఎం856, వెలుగుతో దారి చూపే ట్రేసర్ తూటా. బరువు దాదాపు 64 గ్రెయిన్లే. పొడవు మాత్రం సుమారు 29 మిల్లీమీటర్లు, ఎం855ది 23.

బరువును నమ్మి తూటాలు కొనే కొత్త షూటర్లు నష్టపోతారు. దయచేసి ఈ సవరణ ప్రచురించండి.

– రైఫిల్ షూటింగ్ అభిమాని, హైదరాబాద్