జేసీబీ దిగేముందు అడగాల్సిన ప్రశ్న: ఈ మట్టి కింద ఏముంది?

కర్నూలులోనో కడపలోనో మీ వీధిలో కొత్త కేబుల్ కోసం జేసీబీ రోడ్డు తవ్విందనుకోండి. పని అయిపోయింది, మట్టి కప్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. మరుసటి రోజు నీళ్లు వదిలే వేళకు కొళాయిలో మొదట గాలి, తర్వాత బురద, ఆ వెనకే మురుగు వాసన. పైపు పగిలింది నిన్న, తెలిసింది ఇవాళ.

ఎందుకిలా? రోజంతా నీళ్లు పారే పైపుకు దెబ్బ తగిలితే అక్కడికక్కడే చిమ్ముతుంది, డ్రైవర్ మిషన్ ఆపేస్తాడు. మన దగ్గర చాలా కాలనీలకు నీళ్లు వచ్చేది కొద్ది గంటలే. మిగతా సమయమంతా పైపులో ఒత్తిడి ఉండదు కాబట్టి పగిలినా బయటపడదు. పక్కన మురుగు కాలువ ఉంటే ఆ నీరు పగులులోంచి లోపలికి చేరుతుంది. 2021 ఏప్రిల్‌లో ఆదోనిలో, పాణ్యం మండలం గోరుకల్లులో అతిసారం ప్రబలినప్పుడు అనుమానం తాగునీటి మీదకే మళ్లింది. అక్కడ తవ్వకమే కారణమని కాదు. తాగే నీళ్లు కలుషితమైతే పరిస్థితి ఎంత దూరం పోతుందో చెప్పడానికే ఈ ప్రస్తావన.

రాతి నేలతో ఇంకో చిక్కు

ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను మామూలు నేలలో 1.65 మీటర్ల లోతున వేయాలన్నది టెలికాం శాఖ పాటించే ప్రమాణం. 11 కేవీ విద్యుత్ కేబుల్‌కు 90 సెంటీమీటర్లు. కానీ నాపరాయి తగిలిన చోట అంత లోతు తవ్వడం మాటలు కాదు. అందుకే రాతి నేలలో తక్కువ లోతున వేసి, పైన పైపుతోనో కాంక్రీటుతోనో రక్షణ కల్పించేందుకు వీలుంటుంది. అంటే దాదాపు మనిషి నిలువు లోతున ఉంటుందనుకున్న కేబుల్ మోకాలి లోతులోనే ఎదురుకావచ్చు. 'రెండు అడుగులే కదా తవ్వేది' అనే ధీమా మన ప్రాంతంలో అన్నిటికన్నా ప్రమాదం.

కేబుల్‌ను వెతికే పరికరాలున్నాయి గదా అంటారు. ఉన్నాయి, కానీ అవి పట్టేది లోహాన్ని, కరెంటును. ప్లాస్టిక్ నీళ్ల పైపు వాటికి కనపడదు. భూమిలోకి తరంగాలు పంపే రాడార్ ప్లాస్టిక్‌నూ చూపగలదు గానీ, తడిసిన నల్లరేగడిలో దాని చూపు లోతుకు పోదు. జమ్మలమడుగు వైపు రైతులకు ఆ నేల సంగతి చెప్పనక్కర్లేదు.

ఎవరిని అడగాలి?

తవ్వేవారు ముందుగా సమాచారం ఇవ్వాలని కేంద్రం నిబంధనలు తెచ్చింది. 2023 మార్చి 22న ప్రధాని 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌ను ప్రారంభించారు. తవ్వే చోటు అందులో నమోదు చేస్తే, అక్కడ లైన్లున్న సంస్థలకు కబురు వెళ్తుంది. ఏటా సుమారు 10 లక్షల చోట్ల ఫైబర్ తెగి, దాదాపు 3 వేల కోట్ల రూపాయల నష్టం వస్తోందన్నది అప్పుడు కేంద్రం చెప్పిన లెక్క.

యాప్ మంచిదే. అయితే అందులో నమోదైన లైన్ల సంగతే అది చెప్పగలదు. పాత వీధిలో నీళ్ల పైపు ఏ మూల తిరుగుతుందో చాలాసార్లు కాగితం మీద ఉండదు, వాల్వులు తిప్పే మున్సిపల్ సిబ్బంది తలలో ఉంటుంది. కాబట్టి యాప్‌తో పాటు కార్పొరేషన్ నీటి సరఫరా విభాగాన్ని, విద్యుత్ పంపిణీ సంస్థ సెక్షన్ ఆఫీసును అడగాలి. వైఎస్సార్ కడప, అనంతపురం జిల్లాల్లో ఇంటింటి గ్యాస్ లైసెన్సు ఏజీ అండ్ పీ సంస్థకు దక్కింది. గ్యాస్ లైన్ గుర్తు రాయి కనిపిస్తే దాని మీదున్న నంబరుకు ఫోన్ చేయకుండా తవ్వడం ఆత్మహత్యతో సమానం. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. అక్కడా కారణం తవ్వకం కాదు, కానీ గ్యాస్ అంటుకుంటే ఏమవుతుందో చూశాం.

అడిగాక కూడా మిషన్‌తో మొదలుపెట్టకూడదు. అనుమానం ఉన్న చోట ముందు చిన్న పరీక్ష గుంత తీయాలి, అదీ పారతో, నిదానంగా. గడ్డపారను బలంగా దించితే అదే కేబుల్‌ను చీలుస్తుంది. గుర్తించిన కరెంటు కేబుల్‌కు అర మీటరు లోపు పవర్ టూల్స్ వాడొద్దని బ్రిటన్ భద్రతా సంస్థ సలహా. రాళ్ల నేలలో తవ్వుతుంటే ఒక్కసారిగా మెత్తటి ఇసుక, వరుసగా పేర్చిన ఇటుకలు తగిలాయా? ఆగిపోండి. కేబుల్ పైన పరిచేవి అవే.

దెబ్బ తగిలితే? గ్యాస్ వాసన వస్తే ఇంజిన్ ఆపి, అందరినీ దూరంగా పంపి, 112కు చెప్పాలి. మట్టి కప్పి మూసేయకూడదు. కరెంటు కేబుల్ అయితే మిషన్‌ను ఎవరూ తాకకూడదు, నిప్పంటుకోనంత వరకు డ్రైవర్ క్యాబిన్‌లోనే ఉండాలి, 1912కు ఫోన్ చేయాలి.

నీళ్ల పైపు పక్కన పని జరిగితే మాత్రం కాంట్రాక్టర్‌ను ఒక్క మాట అడగండి: తర్వాతి విడత నీళ్లు వదిలేదాకా, చుట్టూ కంచె కట్టి, ఆ గుంతను తెరిచే ఉంచమని.