అంతరాత్మ ఎవరికోసం మేలుకుంటుంది?

శివరాత్రి వెళ్ళాక చక్రతీర్థం నాడు శ్రీముఖలింగంలో, వంశధార గట్టున టీకొట్టు దగ్గర మా పేట కుర్రాడొకడు మమ్మల్ని నిలదీశాడు. "ఏటి చిన్నాన్నా, ఎప్పుడు చూసినా అన్నేయం అన్నేయం అంతారు. ఇద్దరు దళితులు రాష్ట్రపతులైపోనారు. ఆదివాసీ ఆడమనిషి రాష్ట్రపతైంది. ఇంకేటి కావాలి మనకి?"

అడగవలసిన ప్రశ్నే. జవాబు కావాలంటే కుర్చీ ఎవరెక్కారన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఎవరు ఎక్కించారో చూడాలి. పార్టీలో పేరు ఖాయం చేసే గది ఒకటుంటుంది. దాని తాళంచెవి ఎవరి మొలతాడుకి వేలాడుతోందో చూడాలి.

మన గుడి కథే తీసుకోండి. ఇప్పచెట్టులో వెలిసిన ముఖలింగాన్ని మొదట చూసినవాళ్ళు సవరలేనని స్థలపురాణమే చెబుతుంది. దేవుణ్ణి కనిపెట్టినవాళ్ళకి అర్చకత్వం దక్కలేదు. పార్టీల కథా అంతే. జెండా మోసేది మనం, జేజేలు కొట్టేది మనం. లోపలి గదిలో ఉండేది వేరేవాళ్ళు.

1969 మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ చనిపోయాడు. జులైలో బెంగుళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. ఇందిరాగాంధీ జగ్జీవన్‌రాం పేరు చెప్పింది. గాంధీ శతజయంతి సంవత్సరం కనక హరిజనుడు రాష్ట్రపతి అయితే బాగుంటుందంది. బోర్డు ఒప్పుకోలేదు. 4-2 ఓట్లతో నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా ఖాయం చేసింది. గాంధీ పేరు పటానికే పనికొచ్చింది.

అప్పుడు మనకి తెలిసినాయనే బరిలోకి దిగాడు. వి.వి.గిరి. బరంపురంలో పుట్టినవాడు, 1952లో మన పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచినవాడు. పార్టీ టికెట్ లేకుండా స్వతంత్రుడిగా నిలబడ్డాడు. ఇందిరాగాంధీ తన పార్టీ అభ్యర్థిని వదిలేసి, "అంతరాత్మ ప్రబోధం" ప్రకారం ఓటెయ్యమంది. ఆగస్టు 20న లెక్క తేలింది. మొదటి ప్రాధాన్యపు ఓట్లలో ఎవరికీ మెజారిటీ రాలేదు. మిగతా ప్రాధాన్యాలు కలిపితే గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. ఓడిపోతాడనుకున్నవాడు గెలిచాడని ఈ జిల్లా పెద్దలు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

మేం అడిగేది ఒక్కటే. ఆగస్టులో మేలుకున్న ఆ అంతరాత్మ జులైలో ఏం చేస్తోంది? గిరి కోసం పార్టీని చీల్చటానికి సిద్ధపడ్డవాళ్ళు జగ్జీవన్‌రాం కోసం ఎందుకు సిద్ధపడలేదు? ఓటేసేవాళ్ళు ఆ ఎమ్మెల్యేలూ ఎంపీలే గదా! జగ్జీవన్‌రాం గోడ దూకలేదు, గిరి దూకాడు అంటారు. నిజమే. అయితే దూకేవాడికి అవతల పట్టుకునే చేతులుండాలి. గిరికి ప్రధానమంత్రి చేతులే దొరికాయి. జగ్జీవన్‌రాంకి ఆ ఏడాది డిసెంబరులో, చీలిన కాంగ్రెస్‌లో ఇందిర పక్షానికి అధ్యక్ష పదవి దొరికింది.

ఈ ఓదార్పు పద్ధతి పాతదే. 1960లో దామోదరం సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. 1962 ఎన్నికలు కాగానే ఆయన్ని దించి సంజీవరెడ్డిని కూర్చోబెట్టారు. సంజీవయ్యకి అఖిలభారత కాంగ్రెస్ అధ్యక్ష పదవి ఇచ్చారు. 1977లో జనతా పార్టీ గెలిచినప్పుడు జగ్జీవన్‌రాం ప్రధాని పదవికి పోటీలో ఉన్నాడు. ఎంపీలు ఓటేసి నాయకుణ్ణి ఎన్నుకోలేదు. జయప్రకాశ్ నారాయణ్, కృపలానీ కలిసి మొరార్జీ దేశాయ్ పేరు ఖాయం చేశారు. 1979 ఆగస్టులో చరణ్‌సింగ్ రాజీనామా చేశాక, జనతా నాయకుడుగా ఉన్న జగ్జీవన్‌రాంకి అవకాశం ఇవ్వకుండానే లోక్‌సభ రద్దయింది. రద్దు చేసిన రాష్ట్రపతి ఎవరు? నీలం సంజీవరెడ్డి. 1962, 1969, 1979. మూడుసార్లూ దళితుడి దారిలో ఒకే పేరు.

ఇదంతా ఆ ఒక్కాయన కుట్ర అని మేం అనటం లేదు. జగ్జీవన్‌రాంని దేవుణ్ణి చెయ్యటమూ లేదు. 1975లో ఎమర్జెన్సీని ఆమోదించమని లోక్‌సభలో తీర్మానం పెట్టింది ఆయనే. దశాబ్దాల తరబడి మంత్రిగా ఉన్నవాడికే ఆ తలుపు తెరుచుకోలేదంటే, పేటలో జెండా కట్టే మనవాడి సంగతేటి? అదీ మా ప్రశ్న.

మరి తర్వాత అయినవాళ్ళో? 1997లో కె.ఆర్.నారాయణన్‌ని దాదాపు పార్టీలన్నీ బలపరిచాయి. ఆయన ముద్దర కొట్టే మనిషి కాలేదు. ఆ ఏడాదే ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలన్న కేంద్రం సిఫారసుని తిప్పి పంపాడు. ఆ గౌరవం ఆయనకి ఇవ్వాల్సిందే. 2017లో రామ్‌నాథ్ కోవింద్‌ని అధికార పక్షం నిలబెట్టింది. ఆయన మీద ప్రతిపక్షం నిలబెట్టింది ఎవరినో గుర్తుందా? జగ్జీవన్‌రాం కూతురు మీరాకుమార్‌ని! తండ్రికి గెలుపు అందేచోట దొరకని టికెట్టు, 48 ఏళ్ళకి కూతురికి ఓటమి ఖాయమైన చోట దొరికింది. తాళంచెవి ఉన్నవాడు తలిస్తే దళితుడు సులువుగా గెలుస్తాడు. వాడు తలచకపోతే బోర్డు గది గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

ఈ సంగతి బాబాసాహెబ్ అంబేడ్కర్ ముందే పట్టుకున్నారు. 1932 పూనా ఒడంబడికలో మొదటి వడపోత మన ఓటర్ల చేతికొచ్చింది. మనం నలుగురిని ఎంచితే ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకోవాలి. 1946లో ఆ మొదటి వడపోతలో ఆయన ఫెడరేషన్ అభ్యర్థులు ముందున్న చోట్ల కూడా, చివరి ఎన్నికలో కాంగ్రెస్ నిలబెట్టినవాళ్ళు గెలిచారు. రాజ్యాంగం వచ్చాక ఆ మొదటి వడపోత కూడా పోయింది. ఇప్పుడు ఎంచేది పార్టీ, ఎన్నుకునేది అందరూ. రిజర్వుడు సీటులో కూడా మన మనిషి ఎవరో మనం చెప్పే వీలు లేదు.

అయితే మన ప్రాంతంలో ఒకసారి లెక్క తిరగబడింది. అది పిల్లలకి చెప్పాలి. 1957లో పార్వతీపురం ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక సీటు గిరిజనులకి రిజర్వుడు. రిజర్వుడు సీటు ఒక ఆదివాసీకి పోగా, మిగిలినవాళ్ళలో ఎక్కువ ఓట్లొచ్చిన దిప్పల సూరిదొర జనరల్ సీటు గెలిచాడు. ఆయనా ఆదివాసీయే. ఓడింది ఎవరు? కేంద్రమంత్రిగా చేసిన ఈ వి.వి.గిరే! రిజర్వుడుకి నిలబడ్డవాడు జనరల్ సీటుకి ఎలా గెలుస్తాడని, అసలు ఆయన ఇప్పుడు గిరిజనుడే కాడు, క్షత్రియుడైపోయాడని గిరి కోర్టుకి వెళ్ళాడు. 1959లో సుప్రీంకోర్టు ఆ వాదాలు ఒప్పుకోలేదు. జనరల్ అంటే అందరిదీ అని తేలింది. రెండేళ్ళకి, 1961లో, ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలే రద్దయ్యాయి. అవి మరీ పెద్దవన్నారు. కావచ్చు. మనకి తెరిచి ఉన్న ఒక కిటికీ మాత్రం మూసుకుపోయింది.

రాష్ట్రపతి ఎన్నికకీ అంతే. గిరిలా స్వతంత్రుడిగా నిలబడదామంటే ఇప్పుడు 50 మంది ప్రతిపాదించాలి, ఇంకో 50 మంది బలపరచాలి. అందరూ ఎంపీలో ఎమ్మెల్యేలో అయ్యుండాలి. 1974లో పదేసి మందితో మొదలైన నిబంధన 1997లో ఇక్కడికొచ్చింది. పెద్ద పార్టీ తలుపు కాక వేరే తలుపు లేదు.

ఢిల్లీ దాకా ఎందుకు? మా ఎరుకలో ఒకాయన ఇరవయ్యేళ్ళు ఒక పార్టీ జెండా మోశాడు. స్థానిక ఎన్నికల్లో జనరల్ స్థానానికి టికెట్ అడిగితే, "మీకు రిజర్వేషన్ వచ్చినప్పుడు రా, చూద్దాం" అన్నారు. ఆయన గెలుస్తాడా ఓడతాడా అని ఎవరూ లెక్క కూడా వెయ్యలేదు. ఇంటికొచ్చి జెండాకర్ర మూల పడేసి, "నానేటి తక్కువ సేసినాను?" అన్నాడు. ఆయన చేసిన తక్కువ ఏమీ లేదు. టికెట్ ఇచ్చే గదిలో ఆయన తరపున మాట్లాడే నోరు లేదు, అంతే.

కాబట్టి సోదరులారా, పార్టీలు మనవాళ్ళకి ఏ కుర్చీ ఇచ్చాయని మురిసిపోకముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. పేరు ఎవరు చెప్పారు? గెలిచే చోట ఇచ్చారా, ఓడే చోట ఇచ్చారా? దించాలనుకున్నప్పుడు ఎవరినడిగి దించుతారు? ప్రతి పార్టీ తన అభ్యర్థిని సభ్యుల రహస్య ఓటుతో ఎంచాలని పట్టుబడదాం. వాళ్ళు చెయ్యకపోతే మొదటి వడపోత మనమే పెట్టుకుందాం. ఎన్నికల ముందు పేటలన్నీ కూర్చుని, జనరల్ స్థానాలతో సహా మన మనిషి ఎవరో తేల్చి, ఆ పేరు ఒప్పుకున్నవాడి జెండానే ముట్టుకుందాం.

మా కుర్రాడికి ఇదంతా చెప్పాం. టీ చల్లారిపోయింది. "ఐతే మన పేటలో కూసోడం ఎప్పుడు?" అనడిగాడు. వచ్చే ఆదివారం అన్నాం. మీ పేటలో ఎప్పుడు?

జై భీమ్!