కిరాయి ఇంట్లో కార్ఖానా

షోలాపూర్ తూర్పు భాగం నుంచి ఒక అక్క రాసిన ఉత్తరానికి ఈ నెల జవాబు రాస్తున్నాను. పేరు వెయ్యవద్దన్నారు. మిల్లు మూతబడ్డప్పుడు పెనిమిటికి వచ్చిన పైసలతో కట్టుకున్న ఇల్లు. ఆయన ఇప్పుడు లేరు. ఆమె, కొడుకు పైన ఉంటారు. కింది రెండు ఖోలీలు నోటి మాట మీద ఒక కుటుంబానికి కిరాయికి ఇచ్చారు. వచ్చినప్పుడు వాళ్లకు ఒక్కటే కుట్టు మిషను. ఇప్పుడు నాలుగు, నాలుగూ మోటారువే. టవళ్ల అంచులు కుట్టే పని. బయటి నుంచి ఇద్దరు ఆడవాళ్లు కూలికి వస్తున్నారు. మూటలు మెట్ల మీద సగం దాకా పేర్చారు.

"కిరాయి తారీఖు తప్పరు, మంచోళ్లే. కాని రాత్రి పది దాకా ఒకటే చప్పుడు. లైటు కట్ చేస్తా, సామాను బయట పడేస్తా అంటున్నడు నా కొడుకు. నా మందులకు ఆ కిరాయే ఆధారం. ఏం చెయ్యాలె?" అని అడిగారు.

ముందు ఒక మాట. ఇంట్లో పని చేసుకోవడం మన వాడల్లో తప్పు కాదు. బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిన తల్లులు ప్రతి గల్లీలో ఉన్నారు. ఒక్క మిషను మీద ఇరుగుపొరుగు జాకెట్లు కుట్టే మనిషిని "ధందా చేస్తున్నవు, ఖాళీ చెయ్" అనడం న్యాయం కాదు. చూడాల్సినవి మూడు. బయటివాళ్లు కూలికి వస్తున్నారా? మోటార్లు, సరుకు నిల్వ ఉన్నాయా? దారి మూసుకుపోయిందా? ఈ ఇంట్లో మూడూ ఉన్నాయి. ఇది ఇంటిపని దాటి కార్ఖానా అయింది.

నాకు ఎక్కువ భయం ఆ మెట్ల మీది మూటలతోనే. 2025 మే నెలలో మన అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీలో టవల్ కార్ఖానాకు నిప్పంటుకొని 8 మంది చనిపోయారు. ఆ కట్టడంలోనే కాపురం ఉన్నవాళ్లు, పసివాడు కూడా అందులో ఉన్నారు. కింద దూది దుమ్ము, మోటారు వైర్లు, పైన మనుషులు, దిగడానికి ఒక్కటే దారి. ఆ దారిలోనే మూటలు!

రెండోది కరెంటు. మీటరు అక్క పెనిమిటి పేరు మీద, ఇంటి రేటులో ఉంది. ఇంట్లో చేసుకునే చిన్న పనికి కొన్ని యూనిట్ల దాకా ఇంటి రేటే వేసే వెసులుబాటు మహారాష్ట్రలో ఉంది. బిల్లు తీసుకుపోయి మహావితరణ్ ఆఫీసులో అడగండి. హద్దు దాటితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అది అనధికార వాడకం. ఆ పనికి ఉన్న రేటుకు రెండింతలు వేస్తారు. ఎప్పటి నుంచో తేలకపోతే వెనకటి 12 నెలలకు లెక్క కడతారు. మీటరు ఎవరిదో, బిల్లు వాళ్ల ఇంటికే వస్తుంది.

మూడోది కాగితం. "11 నెలలకైతే రిజిస్ట్రీ అక్కర్లేదు" అనే మాట మహారాష్ట్రలో చెల్లదు. 1999 నాటి కిరాయి చట్టం 55వ సెక్షను ప్రకారం ఏ కిరాయి కరారైనా రాతలో ఉండాలి, రిజిస్టరు కావాలి. ఆ బాధ్యత ఇల్లు గలవాళ్లదే. అది లేకపోతే, షరతుల గురించి కిరాయిదారు చెప్పిందే, తప్పని రుజువయ్యేదాకా, నిజమనుకుంటారు. పైగా అన్నీ తెలిసి, ఏమీ అనకుండా కిరాయి తీసుకుంటూ పోతే "వాళ్లు ఒప్పుకున్నరు" అనడానికి వాళ్లకు వీలు దొరుకుతుంది.

ఇక అబ్బాయికి చెప్పండి: కోపంతో లైటు, నీళ్లు కట్ చేస్తే అదే చట్టం 29వ సెక్షను కింద కేసు మన మీదికే వస్తుంది. సామాను బయట పడేస్తే చౌకీ మెట్లు ఎక్కాల్సింది కూడా మనమే.

చేయాల్సింది ఇది. వాడలో ఇద్దరికీ నమ్మకం ఉన్న పెద్దమనిషిని వెంట పెట్టుకొని, పగటిపూట కూర్చొని మాట్లాడండి. రెండు దారులు చూపండి. ఒకటి, ఇంటివాళ్లే నడుపుకునే ఒక్క మిషను ఉంచుకొని, రాత్రి ఎనిమిదికి ఆపేయడం. రెండోది, మిషన్లను షెడ్డుకు మార్చుకొని ఇక్కడ కాపురం మాత్రం ఉండడం. మార్చుకోవడానికి రెండు నెలలు ఇవ్వండి. కిరాయి నిలుస్తుంది, ఇల్లూ నిలుస్తుంది. ఒప్పుకున్నదంతా కరారులో రాయించి రిజిస్టరు చేయించండి. "నివాసానికి మాత్రమే" అన్న మాట, ఎన్ని మిషన్లు అన్న లెక్క, మెట్లు ఖాళీగా ఉండాలన్న షరతు అందులో ఉండాలి.

ఒప్పుకోకపోతే మీ అభ్యంతరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి, నకలు దాచుకోండి. ఆ తర్వాత వకీలు నోటీసు, కోర్టు. ఖర్చుకు జంకకండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయ సహాయం ఉంది. కార్ఖానా కార్మికులకూ ఉంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవా ప్రాధికరణలో అర్జీ ఇవ్వాలి.

కరారుకు నెల పట్టవచ్చు, షెడ్డుకు రెండు నెలలు పట్టవచ్చు. మెట్ల మీది మూటలు మాత్రం, అక్కా, ఇది చదివిన రోజే తీయించండి.