పట్టాకే పెట్టుబడి సాయమా?

రైతు పేరిట ఖజానా నుంచి వెలువడే రూపాయి నిజంగా సేద్యం చేసేవారికే చేరుతున్నదా? ఈ ప్రశ్నకు గుజరాత్‌లోని సూరత్ జిల్లా చెరకు తోటలు చేదు సమాధానమే చెబుతున్నాయి. 1928లో సర్దార్ పటేల్ నాయకత్వాన శిస్తు పెంపును ధిక్కరించి బ్రిటిష్ ప్రభుత్వం మెడలు వంచిన బార్డోలీ ఈ జిల్లాలోనిదే. 22 శాతం పెంపు చివరకు సుమారు 6 శాతానికి దిగివచ్చింది. ఆ విజయ ఫలం భూమిగల రైతుకు దక్కింది. తరతరాలుగా అప్పుల కింద ఆసాముల పొలాల్లో వెట్టి చేసిన హళపతులకు ఒరిగింది స్వల్పం.

తొమ్మిది దశాబ్దాల తర్వాతా అదే వరస. 2019 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి కింద ఏడాదికి 6 వేల రూపాయలు మూడు వాయిదాలలో బ్యాంకు ఖాతాలలో జమ అవుతున్నాయి. మొదట రెండు హెక్టార్ల లోపు వారికే పరిమితమైన పథకాన్ని అదే ఏడాది పెద్ద కమతాలకూ విస్తరించారు. ఆదాయపు పన్ను చెల్లించేవారిని మినహాయించడం సబబే. దళారీల ప్రమేయం లేకుండా సొమ్ము నేరుగా అందడం హర్షణీయమే. అయితే అర్హతకు గీటురాయి భూమి రికార్డులో పేరు మాత్రమే. ఉకాయ్-కాక్రాపార్ కాలువల నీటితో, సహకార చక్కెర మిల్లుల అండతో పండే చెరకును నరికేది డాంగ్ కొండల నుంచి, ఖాందేశ్ నుంచి వలస వచ్చే కూలీలు. ఏడాది పొడవునా పొలం పనులకు ఆధారం భూమిలేని హళపతులు. ఆ పొలాల రికార్డులలో వీరెవరి పేరూ కానరాదు.

తెలుగునాట పరిస్థితి ఇంతకన్నా మెరుగని చెప్పలేము. తెలంగాణలో 2018 మేలో మొదలైన రైతుబంధు సీజనుకు ఎకరానికి 4 వేలు, ఆపై 5 వేలు చొప్పున పట్టాదారుకే చెల్లించింది. ఎన్ని ఎకరాలున్నా పరిమితి విధించలేదు. కౌలుదారును మాత్రం విస్మరించింది. సూరత్ మరమగ్గాలపై బతుకు వెళ్లదీస్తున్న తెలంగాణ నేత కార్మికుడికి ఊళ్లో ఎకరం ఉంటే ఆ సాయం అందడం తప్పు కాదు. ఆ ఎకరాన్ని కౌలుకు దున్నేవానికి ఏమీ అందకపోవడమే అన్యాయం. అకాల వర్షానికి పైరు పోతే నష్టం భరించేది అతడే కదా!

కౌలుదారులను గుర్తించడం కష్టమన్నది పాలకుల వాదన. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం ద్వారా 11 నెలల ఒప్పందంతో సాగుదారు హక్కు పత్రాలు ఇవ్వజూపింది. యజమాని సంతకం తప్పనిసరి కావడంతో, హక్కు పోతుందన్న భయం అడ్డుగోడయింది. తెలంగాణ 2025 జనవరిలో ఉపాధి హామీ పనిదినాల ప్రాతిపదికన భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12 వేల రూపాయల సాయం ప్రారంభించడం మంచి అడుగే.

గ్రామసభ ధ్రువీకరణతో, పంట నమోదుతో ఎవరు సాగు చేస్తున్నారో ఏటా తేల్చవచ్చు. యజమాని హక్కుకు భంగం కలగదని చట్టమే హామీ ఇవ్వాలి. ఉదారత పట్టాల వద్దే ఆగితే అది భూస్వామ్యానికి ఇచ్చే మరో ఈనామే అవుతుంది.