తడబడే మనసుకు తర్ఫీదు



ఈ నెల మన కుటుంబములలో బయటికి చెప్పుకోలేని ఒక బాధను గూర్చి వ్రాయుచున్నాము. ఇంటరో డిగ్రీయో చదువుచున్న పిల్లవాడు ఉన్నట్లుండి గది దాటి బయటికి రాడు. రాత్రులు నిద్రపోడు. ఎవరూ లేకపోయినా ఎవరో తిట్టుచున్నారంటాడు. ఇరుగుపొరుగువారు తనకు కీడు తలపెట్టారంటాడు. దీనిని వైద్యులు సైకోసిస్ అందురు. ఇందులో ఒక రకమైన స్కిజోఫ్రెనియా ప్రపంచములో సుమారు 300 మందిలో ఒకరికి ఉన్నది. ఆ లెక్కన 3,000 మంది ఉన్న మన డెల్టా గ్రామములో అటూ ఇటూగా పదిమంది ఉండవచ్చును. ఇది ఎక్కువగా యౌవన ప్రాయములోనే మొదలగును. గంజాయి అలవాటు దీని ముప్పును పెంచును.

ఊరివారు గాలి సోకినదందురు, చేతబడి అందురు. విశ్వాసుల ఇండ్లలో దయ్యమందురు. కొందరు పెండ్లి చేస్తే కుదురునని తొందరపడుదురు. అది ఆ బిడ్డకూ మేలు చేయదు, ఏమీ తెలియక ఆ ఇంటికి వచ్చిన అమ్మాయికీ అన్యాయము. ఇంతలో నెలలు గడచిపోవును. చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకొనుట అంత కష్టము.

2001 ఆగష్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, స్వస్థత కొరకు తెచ్చిన రోగులను గొలుసులతో కట్టి ఉంచిన పాకకు నిప్పంటుకొని 28 మంది చనిపోయిరి. పారిపోవుటకు వారికి వీలు లేకపోయినది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగానూ గొలుసులతో బంధించరాదని చెప్పుచున్నది. ఏ మతమువారి స్థలమైనా సరే, మన ప్రార్థనా మందిరమైనా సరే, గొలుసుకు చోటు లేదు.

మందులు వాడిన తరువాత చాలామందికి ఆ స్వరములు తగ్గును. అయితే తల్లిదండ్రులు అప్పుడు ఇంకొకటి గమనింతురు. కొట్టునుండి మూడు వస్తువులు తెమ్మంటే ఒకటే తెచ్చును. పాఠము చదివినా తలకెక్కదు. మాటకు బదులు చెప్పుటకు ఆలస్యమగును. ఇది సోమరితనము కాదు. ఆ జబ్బు ధ్యానమును, జ్ఞాపకశక్తిని కూడ దెబ్బతీయును. మందులు ఈ లోటును అంతగా పూడ్చలేవు.

దీనికొరకే మనసుకు తర్ఫీదునిచ్చు అభ్యాసములు వచ్చినవి. కంప్యూటరు లేక ఫోను కొన్ని శబ్దములు వినిపించును, వాటి వరుసను గుర్తుపట్టి చెప్పవలెను. సరిగా చెప్పిన కొద్దీ పాఠము కొంచెము కష్టమగును, తప్పిన యెడల తేలికగును. 2015లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, జబ్బు ఈమధ్యనే మొదలైన 86 మంది యువకులకు లాప్‌టాప్‌లిచ్చి 40 గంటల అభ్యాసము పెట్టిరి. కొందరికి ఈ తర్ఫీదు, మిగిలినవారికి మామూలు ఆటలు. తర్ఫీదు పొందినవారి జ్ఞాపకశక్తి, ఆలోచన మెరుగుపడినవి. కాని జబ్బు లక్షణములలో ఇరువర్గములకు అంత తేడా కనబడలేదు. అనగా ఇది మందుకు తోడు మాత్రమే, మందుకు బదులు కాదు.

ఫోను లేని ఇంటివారు నిరాశపడనక్కరలేదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ వైద్యులు, జబ్బు మొదటిసారి వచ్చిన రోగులకు ఇంటియొద్దనే, కుటుంబము సహకారముతో చేయించు తర్ఫీదును పరీక్షించి 2012లో ఫలితములు ప్రకటించిరి. అక్కడ వాడే అభ్యాసములలో కలిసిన గింజలను వేరుచేయుట కూడ ఒకటి. మన అమ్మలు చేట ముందు కూర్చుండి చేయు పనియే! వైద్యుని సలహాతో రోజూ కొంతసేపు పక్కన కూర్చుండి చేయించగల పని అది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లోనే మానసిక చికిత్సాలయము ప్రారంభించి, రోగితో కుటుంబమును కూడ ఉంచుకొని చికిత్స చేయుచున్నది.

మార్కు సువార్త 8వ అధ్యాయములో బేత్సయిదా గ్రుడ్డివానిని చూడుడి. మొదట వానికి మనుష్యులు చెట్లవలె అగపడిరి. ప్రభువు మరల చేతులుంచిన తరువాతనే తేటగా చూడగలిగెను. కొంచెము కొంచెముగా వచ్చు స్వస్థత కూడ ప్రభువు స్వస్థతయే. సగము చూపుతో ఉన్నప్పుడు ప్రభువు వానిని విడిచిపెట్టలేదు, మనమును విడువరాదు.

"అయ్యగారూ, ఉపవాస ప్రార్థనలో పెట్టాము, మాత్రలు మాన్పించమంటారా?" అని అనేకులు మమ్మును అడుగుదురు. మా జవాబు ఒక్కటే: వద్దు. మాత్ర వేసికొనుట అవిశ్వాసము కాదు. పౌలుతో ప్రయాణము చేసిన లూకా వైద్యుడే గదా! మందులు చెప్పకుండ ఆపినందున జబ్బు తిరగబెట్టి, మునుపటికంటె ఎక్కువ నష్టము కలుగవచ్చును.

కావున తల్లిదండ్రులకు మా మనవి:

1. మొదటి గుర్తులు కనబడగానే మానసిక వైద్యునియొద్దకు తీసికొనిపోవుడి. ఎక్కడికి పోవలెనో తెలియని యెడల 14416కు ఫోను చేయుడి. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన ఈ టెలి మానస్ సేవ ఉచితము, తెలుగులో మాటలాడుదురు.

2. ఫోనులో దొరికిన ప్రతి ఆటను నమ్మవద్దు. వైద్యుని అడిగి ఎన్నుకొనుడి. రాత్రి నిద్ర మాని ఫోను చూచుట మాత్రము కీడే.

3. పదిమందిలో "పిచ్చివాడు" అనవద్దు. చిన్న పని అప్పగించి, చేసినప్పుడు మెచ్చుకొనుడి.

4. సంఘస్థులారా, నలుగురు కలిసి పక్షవాయువుగల వానిని మోసికొని వచ్చినట్లు, ఆ కుటుంబమునకు తోడుగా ఆసుపత్రికి వెళ్ళుడి. ఆ ఇంటి గుట్టు మీ నోట బయటికి రానియ్యకుడి.

అట్టి బిడ్డలున్న ప్రతి ఇంటిని ప్రభువు ఆదరించి, వైద్యుల చేతులను, తల్లిదండ్రుల ఓర్పును దీవించును గాక. ఆమేన్.